నెంబరు లేని తుపాకి

మల్కాపురంలో అప్పలసూరి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ పేరుగలవాళ్ళు ఆ పేటలో వీధికి నలుగురున్నారు. "తుపాకోళ్ళ సూరి" అని అడగాలి. అప్పుడు టీ కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపి, వీధి చివరిదాకా వచ్చి మరీ చూపిస్తాడు. ఇరవై ఏడేళ్ళు పోర్టులో ఖలాసీగా తాళ్ళు లాగి, అరచేతులు చెప్పుల అడుగుల్లా తయారైన మనిషికి ఈ లోకం ఇచ్చిన గౌరవం అదొక్కటే. అసలు ఇంటిపేరు ఒకటుంది గాని, రేషను కార్డులో తప్ప అది ఎక్కడా పనికి రాలేదు. పిల్లలు కలగలేదు కాబట్టి ఆ తుపాకోళ్ళ పేరుకి అతనే ఆఖరివాడు.

చిత్రమేమిటంటే ఈ కథ నాటికి ఆ తుపాకి ఇంట్లో లేదు. 1980లో తండ్రి తవిటయ్య పోయాడు. లైసెన్సు ఆయన పేరున ఉంది. దినాలు అయిపోగానే సూరి దాన్ని పాత దుప్పట్లో చుట్టి, సైకిలు కడ్డీకి కట్టుకుని తీసుకెళ్ళి పోలీసు స్టేషన్లో అప్పగించాడు. చట్టం అలాగే ఉంది. వారసుడి పేరున కొత్త లైసెన్సు రాగానే తిరిగి ఇస్తామన్నారు. సూరి రసీదు మడిచి జేబులో పెట్టుకుని, దసరాకి ఇంటికొచ్చేస్తుందిలే అనుకున్నాడు. పాపం, నమ్మకం గల మనిషి.

ఆ తుపాకి కథ మల్కాపురంలో వినని చెవి లేదు. సూరి తాత చలమయ్య మొదటి జర్మనీ యుద్ధంలో బస్రా వెళ్ళాడట. అక్కడ ఇసకలో దెబ్బ తిని పడిపోయిన తెల్లదొరని వీపు మీద వేసుకుని మైలు దూరం మోశాడట. ఆ దొర కన్నీళ్ళు పెట్టుకుని, తన చేతి తుపాకి చలమయ్య చేతిలో పెట్టి, నీ ఇంట్లో పూజ చేసుకో అన్నాడట. తవిటయ్య చెప్పినప్పుడు అది ఒక మైలే. సూరి చెప్పడం మొదలుపెట్టాక మూడు మైళ్ళయింది. ఈ కథలోంచి 'అట'లన్నీ ఏరేస్తే మిగిలేది ఒక్క తుపాకే. కాని ఎదురుగా అంత పొడుగు తుపాకి కనబడుతుంటే 'అట'లని పట్టించుకునేదెవరు?

పాతకాలం మిలిటరీ రైఫిలది. ఒక్కో గుండు ఎక్కించి కాల్చేది. ఆ ఇంట్లో అది ఎన్నడూ పేలలేదు. గుండూ లేదు, కాల్చడం వచ్చినవాడూ లేడు. ఏడాది పొడుగునా అటక మీద ఉండేది, దసరాకి కిందికి దిగేది. పూజకి ముందురోజు ఇత్తడి బిందెలతో పాటు దాన్నీ పెరట్లో వేసి, చింతపండూ ఇటుక పొడీ పట్టించి కొబ్బరి పీచుతో తోమేవారు. ప్రపంచంలో ఏ సైన్యంలోనూ తుపాకిని చింతపండుతో తోమి ఉండరు. ఆ ఇంట్లో తోమారు. తోమి, తుడిచి, ఆముదం రాసి, పీట మీద నిలబెట్టి పసుపు కుంకాలు పెట్టేవారు. చిన్నప్పటి నుంచీ తోమే పని సూరిదే. తండ్రి పక్కనే గొంతుక్కూచుని, "ఇంకా తోమరా, అద్దంలాగ అవ్వాల" అంటుండేవాడు.

స్టేషన్లో రైటరు జగ్గారావు మంచివాడే. కసిరిన మనిషి కాదు, తిప్పించుకుందామనుకున్న మనిషీ కాదు. ఆ మంచితనంతోనే అసలు సంగతి బయటపెట్టాడు.

"సూరీ, దీనికి నెంబరేదీ?"

"నెంబరేటి బాబూ?"

"ప్రతి తుపాకికీ ఒక నెంబరుంటుంది. ఇనుము మీద కొట్టేసుంటుంది. మీ నాన్న లైసెన్సులో 'నెంబరు అరిగిపోయినది' అని రాసీసున్నారు. నలభై ఎనిమిదిలో మీ ఊరి మునసబు చీటీ చూసి ఇచ్చీసినట్టున్నారు. ఇప్పుడలా కుదరదు. ఇది మీ తాతకి ఎలాగొచ్చిందో కాగితం తే. కాగితం లేకపోతే ఎరిగున్న మనిషిని తే."

"తేకపోతే ఏటవుద్ది?"

"వచ్చే మార్చి ఆఖరికి హక్కుదారు తేలని ఆయుధాలన్నీ కోసీసి కరిగించీడానికి పంపించాలి. ఆర్డరు వచ్చింది."

ఇటుక పొడి! తనే తోమాడు. ఏటేటా ఆ ఇనుముని అద్దంలా చేసి, తాత పరువుకి రుజువుగా ఉన్న అంకెల్ని తన చేతుల్తో తనే తుడిచేశాడు. సూరి ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సయించక పడుకున్నాడు.

"తోమమన్నోడు మీ నాన్న, తోమినోడివి నువ్వు. ఇద్దరికీ ఇద్దరే," అంది భార్య పైడితల్లి. ఆవిడ నోటికి జాలి కాస్త తక్కువ. "పోతే పోనీ. అదేటి మనకి బువ్వెట్టిందా?"

"బువ్వ కాదే. అది లేకపోతే నానెవుడ్ని?"



కాగితాలు ఎక్కడున్నాయి? వాళ్ళ ఊరు మెట్టవానిపాలెం. ఇప్పుడా ఊరు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఇళ్ళు ఖాళీ చేశారు. ఊరివాళ్ళు తలా ఒక కాలనీకి చెదిరిపోయారు. మునసబు ఎప్పుడో పోయాడు, ఆయన పెట్టె ఏమైందో ఆయన మనవలకే తెలియదు. సూరి ఆదివారాలన్నీ సైకిలేసుకుని ఆ కాలనీలు తిరిగాడు. ముసలివాళ్ళని అడిగాడు. అందరూ అదే కథ చెప్పారు, బస్రా, దొర, వీపు. ఎవరు చెప్పారని అడిగితే, "మీ నాన్నేరా" అన్నారు.

ఆఖరికి పోర్టులో టైమ్‌కీపరొకడు సీతమ్మధారలో ఉండే రిటైర్డు సుబేదారు శ్రీరామ్మూర్తిగారి పేరు చెప్పాడు. సుబేదారుగారికి తుపాకులంటే ప్రాణం. ఆయన సూరిని కూచోబెట్టి అంతా విని, మిలిటరీ రికార్డులవాళ్ళకి తనే ఇంగ్లీషులో ఉత్తరం రాసి పంపారు. జవాబు రావడానికి అయిదు నెలలు పట్టింది. ఆ ఊరి చలమయ్య పేరు సిపాయిల పట్టీలో లేదు. బస్రాలో రైలు పట్టాలు వేసిన కూలీల పట్టీలో ఉంది.

సూరి ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని, "అయితే బస్రా ఎల్లినాడు కదండి," అన్నాడు. మునిగేవాడికి ఆ మాత్రం చాలు.

సుబేదారుగారు మరునాడు సూరితో స్టేషనుకొచ్చారు. జగ్గారావు తుపాకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సుబేదారుగారు కళ్ళజోడు సవరించుకుని, భుజానికి ఆనించే మడమ దగ్గర చెక్కని అంగుళం అంగుళం చూశారు. ఆముదమూ పసుపూ పేరుకున్న చోట గోటితో గీకారు. అక్కడ రెండు అంకెలు బయటపడ్డాయి. ముప్పై ఎనిమిది.

"ఈ చెక్క ముప్పై ఎనిమిదిలో మిలిటరీ వర్క్‌షాపులో మార్చారు," అన్నారాయన. "మీ తాత ఎప్పుడు పోయాడు?"

"నాను పుట్టకముందేనండి. ముప్పై ఒకటిలో."

ఆయన సూరిని వరండాలోకి తీసుకెళ్ళి భుజం మీద చెయ్యి వేశారు. "చూడబ్బాయ్. ముప్పై ఎనిమిదిలో ఇది సర్కారు తుపాకి. ఆ తర్వాతే మీ ఇంటికొచ్చింది. ఎలా వచ్చిందని నేనడగను. నువ్వు కూడా అడక్కుండా ఊరుకుంటే సుఖపడతావు."

ఇలాంటి సలహా విని ఊరుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. సూరికి ఆ రాత్రి నిద్ర లేదు, ఆ వారం నిద్ర లేదు. నాన్న అబద్ధం ఆడాడా? ఎందుకు? ఎవరిని అడగాలి? తవిటయ్యకి స్నేహితులు తక్కువ. ఆలోచించగా ఆలోచించగా ఒక్క పేరు తట్టింది, కరీం బాషా.

పూర్ణా మార్కెట్టు వెనక సందులో కరీం బాషాకి తాళాల కొట్టు ఉంది. తవిటయ్య ఏటా దసరా వెళ్ళిన మరునాడు అక్కడికి వెళ్ళి ఒక తాళం కొనుక్కొచ్చేవాడు. ఎండా లేదు, వానా లేదు, ఆ పని తప్పేది కాదు. ఆ ఇంటికి తలుపులు రెండు. తాళాలు ముప్పై పైచిలుకు. "మీ నాన్న ఏటి దాసుకుంటాడు ఇన్ని తాళాలేసి?" అని పైడితల్లి కొత్తకోడలిగా ఉన్నప్పుడు నవ్వేది. సూరికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ బాషా ఒకప్పుడు సిపాయి అని నాన్న ఓసారి అన్నాడు. ఇంకేం, తుపాకి సంగతి ఆయనకి తెలిసే ఉంటుంది. ఎరిగున్న మనిషి దొరికాడు! సూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు.

కొట్టు పెట్టెంత ఉంది. గోడ నిండా తాళంచెవుల గుత్తులు, కింద రిపేరుకొచ్చిన కిరసనాయిలు స్టవ్వులు. మధ్యలో అరవై అయిదు దాటిన పెద్దాయన, తెల్లగడ్డం, నిటారైన వీపు. ఎవరి కొడుకో చెప్పగానే ముఖం వికసించింది.

"తాళాల తవిటయ్య కొడుకువా! అరె, కూకో కూకో. పోయినేడు దసరాకి రాలేదు. అనుకున్నాను. ఎప్పుడు పోయినాడు?" అని రెండు చేతులూ ఎత్తి పెదవులు కదిపాడు. తర్వాత టీ తెప్పించాడు. "మా తవిటయ్య లాంటి గిరాకీ నాకు మళ్ళీ దొరకడు. తాళం అక్కరుండి కొన్నోడు కాదు. నా కోసం కొన్నాడు. నాకు తెల్దేటి?"

సూరి నోట్లోని మాట అడిగేలోగా ఆయనే అందుకున్నాడు. ముసలివాళ్ళకి వినే మనిషి దొరికితే అంతే.

"మీ నాన్నకి నా కథంటే ఇష్టం. అడిగి మరీ సెప్పించుకునేవోడు. నలభై రెండు, ఏప్రిలు ఆరు, సోమవారం. జపానోడు బాంబులేసిన రోజు. నాను హార్బర్లో గార్డు సిపాయిని. మాంగనీసు రాయి ఎగుమతి సేసే కాడ డ్యూటీ. బాంబు పడగానే రాయి గుట్ట కూలిపోయి ఇద్దరు కూలీలు కిందన పడిపోయినారు. సేతులు కనబడతన్నాయి. నా సేతిలో రైఫిలుంది. రైఫిలు కింద పెట్టకూడదు, అది రూలు. పక్కన ఇంకో కూలీ నిలబడి వణికిపోతన్నాడు. మొహం నిండా మాంగనీసు దుమ్ము, కళ్ళు తప్ప ఏటీ కనబడవు. పట్టుకోరా అనీసి వాడి సేతిలో పెట్టీసినాను. గుట్ట తవ్వి ఇద్దర్నీ లాగీసినాను. ఒకడు బతికాడు. ఇంతలో ఇంకో బాంబు. పొగ. తిరిగి సూస్తే వాడు లేడు, రైఫిలు లేదు."

సూరి చేతిలోని కప్పు కింద పెట్టేశాడు.

"వాడు రైఫిలుతో పాటే నీట్లో పడి పోయాడు పాపం. నిలబడమన్నోడ్ని నానే కదా. మిలిటరీ కోర్టులో నాను రైఫిలు అమ్మీసుకున్నానన్నారు. మూడేళ్ళు జైలు. ఇక పింఛనెక్కడిది, పేరెక్కడిది? దొంగ సిపాయి అనీసి కాగితమిచ్చి పంపించీసినారు. ఆ రైఫిలు నెంబరు ఏడు వేల రెండొందల పంతొమ్మిది. రైఫిలు దొరికితే సాలు, నాను అమ్మలేదని తేలిపోద్ది. హార్బర్లో బురద తవ్వే ఓడ వచ్చినప్పుడల్లా ఎల్లి అడిగేవోడిని, తుపాకేటైనా పడిందా అనీసి. ఇప్పటికీ అర్జీలు రాస్తనే ఉన్నాను." ఆయన నవ్వాడు. "పోయినోడి పేరు కూడా తెల్దు నాకు. అయినా ఏటా ఆ రోజు వాడి పేరున ఫాతిహా ఇప్పిస్తాను. దిక్కులేని సావు కదా. ఓసారి ఈ మాట సెప్తే మీ నాన్న కళ్ళ నీళ్ళెట్టుకున్నాడు. ఊరుకో బావా, నా నసీబు ఇంతే అనీసి నానే ఓదార్సినాను."

తవిటయ్య నలభై రెండులో హార్బర్లో మాంగనీసు కూలీ. బాంబుల రోజున పట్నమంతా పరుగెత్తినట్టే ఆయనా పరుగెత్తి ఊరొచ్చేశాడు. సూరికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు దసరాకే మొట్టమొదటిసారి తను ఆ తుపాకి తోమాడు. అంతకు ముందు ఏడు ఏం తోమాడో ఎంత తవ్వుకున్నా బిందెలు తప్ప ఏమీ గుర్తుకు రాలేదు.

"నువ్వేటి పని మీద వచ్చినావు నాయనా?" అన్నాడు బాషా.

"ఊరికే... సూసి పోదామని," అన్నాడు సూరి.

పన్నెండు రోజులు అతను మనిషి కాలేదు. తండ్రి మీద కోపం వచ్చింది, ఆ వెనకే జాలి వచ్చింది. భయంతో పరుగెత్తిన మనిషి, చేతిలో తుపాకి ఉందని ఎప్పుడు చూసుకున్నాడో! వెనక్కి తీసుకెళ్తే కాల్చేస్తారనుకుని ఉంటాడు. అంతవరకు అర్థమైంది. కాని ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా ఆ కొట్లో కూచుని, ఆ మనిషి టీ తాగి, ఆ కథ అడిగి మరీ చెప్పించుకోవడమేమిటి? అది మాత్రం సూరికి మింగుడుపడలేదు. ఇంతా చేసి ఇచ్చిందేమిటి? ఏడాదికొక తాళం బేరం.

పైడితల్లికి చెప్పాడు.

"సెప్పకు," అందావిడ. "సచ్చిపోయినాడనుకొని దండం పెట్టుకుంటన్నాడు ఆ ముసలాయన. బతికే ఉన్నాడు, నీ కొట్లోనే కూకున్నాడంటే ఆయనేటైపోవాల?"

"తుపాకి ఉంది కదే. అది సూపిస్తే ఆయన దొంగ కాడని తేలుద్ది."

"మనం దొంగలమని తేలుద్ది."

"తేలనీ."

ఆ ఒక్క మాట అనడానికి సూరికి పన్నెండు రోజులు పట్టింది. అన్నాక మాత్రం వెనక్కి తగ్గలేదు. మార్చి నెల సగమైపోయింది. పేటలో చదువుకున్న కుర్రాడి దగ్గర కాకుండా, తనే వచ్చీరాని అక్షరాలతో రెండు పేజీలు రాశాడు. మా తండ్రి తవిటయ్య ఫలానా రోజున ఫలానా సిపాయి చేతి తుపాకి పట్టుకుని పారిపోయి వచ్చినాడు, మా తాత బస్రాలో కూలీ, మేము చెప్పినదంతా అబద్ధం. కింద సంతకం చేసి జేబులో పెట్టుకుని మళ్ళీ పూర్ణా మార్కెట్టు సందుకి వెళ్ళాడు.

బాషా ఒక తాళం విప్పుకుని కూచున్నాడు. సూరి నిలబడే చెప్పాడు. కూచుంటే చెప్పలేనని తెలుసు. చెబుతుండగా బాషా చేతులు ఆగిపోయాయి, ముఖం మాత్రం కదల్లేదు. అరుస్తాడనుకున్నాడు సూరి, కొడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"ఉందా?" అన్నాడాయన చివరికి. ఆయన అడిగింది తుపాకి గురించి.

"ఉందండి. స్టేషన్లో ఉంది. కానీ నెంబరు లేదు సాయిబుగారూ. ఇటుక పొడితో నానే తోమీసినాను సిన్నప్పుడు."

బాషా గబుక్కున నవ్వాడు. "ఇటుక పొడికి పోద్దేటి అది? ఉక్కు మీద కొట్టిన నెంబరు నీ తాత తోమినా పోదు. పైనున్నది ఎలాగ పోయిందో తర్వాత సూద్దాం. లోపల ఇంకోటుంది. గొట్టం కిందన, చెక్కలో దాగుంటుంది. మరలు ఇప్పితే గానీ కనబడదు. అక్కడికి పీచు పోదు, చింతపండు పోదు." ఆయన లేచి నిలబడ్డాడు. "పద."

ఆయన మరలు విప్పే పనిముట్లు గుడ్డలో చుట్టుకున్నాడు. కొట్టు మూశాడు. బస్సులో కిటికీ పక్కన కూచుని, తండ్రి సంగతి ఒక్కటీ ఎత్తలేదు. ఏడు వేల రెండొందల పంతొమ్మిది కనబడితే కొత్త అర్జీ ఎలా రాయాలో, దానికి ఎవరెవరి సంతకాలు కావాలో చెప్పుకుంటూ వచ్చాడు. "డబ్బులొద్దు నాకు. దొంగ కాదు అని ఒక్క ముక్క రాసిస్తే సాలు. ఆమినాబీకి సూపించాల. నలభై ఏళ్ళు దొంగ పెళ్ళాం అనిపించుకుంది," అన్నాడు. సూరి జేబు తడుముకున్నాడు. తన రెండు పేజీలు ఇన్నాళ్ళకి ఒక మంచికి పనికొస్తున్నాయని అతనికి చాలా తేలికగా అనిపించింది. ఆ బస్సులో ఉన్నంతసేపూ నిజంగా సంతోషపడ్డాడు.

జగ్గారావు కాదనలేదు. కిటికీ వెలుగు పడే బల్ల మీద తుపాకి పెట్టి, "నా కళ్ళెదురుగానే విప్పండి," అన్నాడు.

బాషా దాన్ని రెండు చేతుల్తోనూ ఎత్తాడు. ఎత్తగానే వీపు ఇంకా నిటారైంది. బరువు చూశాడు. ఆ తర్వాత బల్ల మీద పడుకోబెట్టి మరలు ఒక్కొక్కటే విప్పాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయనుకున్న మరలు ఒకప్పుడు విప్పిన వాటిలాగ సులువుగా వచ్చాయి. చెక్క విడిపోయింది. గొట్టం వెనక్కి తిప్పి వెలుగులో పెట్టాడు.

నెంబరు ఉండాల్సిన చోట ఒక పల్లం ఉంది. బొటనవేలంత వెడల్పు. పల్లం నిండా ఏటవాలు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఒకే వాలులో, నేర్పుగా. ఆకురాయితో ఓపిగ్గా రాసిన గీతలు. ఒక్క అంకె నీడ కూడా మిగల్లేదు.

బాషా గోటితో ఆ గీతల మీద ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ రాశాడు. సూరి వంగి చూశాడు. ఇటుక పొడి కాదు, తన చేతులు కావు. అద్దంలాగ అవ్వాలని పక్కన కూచున్న మనిషి, దసరా పేరు పెట్టి కొడుకు చేత తోమించిందంతా ఈ పని కప్పిపుచ్చడానికే.

"దొరికిందా నెంబరు?" అన్నాడు జగ్గారావు.

"లేదు," అన్నాడు బాషా.

సూరి జేబులోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. జగ్గారావు రెండు పేజీలూ చదివాడు. రెండోసారి కూడా చదివి, మడిచి తిరిగిచ్చేశాడు. "ఇది ఏ తుపాకో తేలాలంటే నెంబరుండాలి. నెంబరు లేకపోతే నీ మాట తప్ప ఇంకేటీ లేదు. చచ్చిపోయిన మనిషి చేసిన పనికి కొడుకు మాట చెల్లదు సూరీ. పైగా నువ్వు రాసిన దానికి నీ మీదే కేసవుద్ది. చింపీసుకో. నేను చూడలేదు." ఆయన గొంతులో కరుకుతనమేమీ లేదు.

బాషా మాత్రం ఇంకా ఆ గీతలే చూస్తున్నాడు.

"మీ నాన్న మొట్టమొదటిసారి నా కొట్టుకి తాళం కోసం రాలేదు సూరీ," అన్నాడు మెల్లిగా. "ఆకురాయి కోసం వచ్చినాడు. నలభై ఆరులో. జైలు నుంచొచ్చి కొట్టెట్టి నెల కాలేదు. నా దగ్గరికి ఎవుడూ వచ్చేవోడు కాదు. ఆయనే మొదటి గిరాకీ. ఎలాగ పట్టాలో తెలీక ఏలు కోసుకున్నాడు. నానే కట్టు కట్టి, పక్కన కూకోబెట్టుకొని సూపించినాను. ముందుకి తొయ్యాల, ఎనక్కి లాక్కూడదు, సెయ్యి ఒకే వాలులో ఉండాల అనీసి. సాయంత్రం దాకా నేర్పినాను." ఆ పల్లం మీద బొటనవేలు ఆనించి పెట్టాడు. "బాగా నేర్సుకున్నాడు."

సూరికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. నలభై ఎనిమిదేళ్ళ మనిషి పోలీసు స్టేషన్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాషా అతని వైపు చూడలేదు, ఊరుకోమనలేదు. చెక్క మళ్ళీ అమర్చి, మరలు నాలుగూ వరసగా బిగించి, గుడ్డతో తుడిచి, తుపాకిని రెండు చేతుల్తో జగ్గారావుకి అందించాడు. రిజిస్టర్లో వేలిముద్ర వేయమంటే, చదువుకున్నానని చెప్పి సంతకం చేశాడు. మార్చి ఆఖరి వారంలో లారీ వచ్చి ఆ ఇనుమంతా పట్టుకుపోతుందని జగ్గారావు చెప్పాడు. ఇద్దరూ విన్నారు.

బయట బస్‌స్టాపులో ఎండ మండిపోతోంది. పూర్ణా మార్కెట్టు వైపు వెళ్ళే బస్సు వచ్చింది. కొట్టు దాకా దిగబెడదామని సూరి ముందు ఎక్కి, ఖాళీగా ఉన్న సీటు మీద తువ్వాలు వేసి, పెద్దాయనకి చెయ్యి అందించాడు.

"నువ్వెల్లిపో," అన్నాడు బాషా. "నాను ఎనకాల బస్సుకొస్తాను."